ఆక్సీకరణ, క్షయకరణ చర్యలు అర్థం చేసుకోవడం ఎలా: అంకె ముందు, పేరు తర్వాత

ఆక్సిజన్ చేరితే ఆక్సీకరణం, పోతే క్షయకరణం. ఈ ఒక్క వాక్యం బట్టీ పట్టి ప్లస్ టూలో అడుగుపెట్టినవాళ్లే ఈ పాఠం దగ్గర ఎక్కువ తికమకపడతారు. ఆ వాక్యం తప్పేమీ కాదు, మెట్రిక్ గట్టెక్కడానికి సరిపోతుంది. కానీ ఆక్సిజన్ ఊసే లేని చర్య ఒకటి ఎదురయ్యేసరికి అది చేతులెత్తేస్తుంది.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు మన పిల్లలకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లిష్. ఒకే సంగతిని ఒకచోట జారణం, విజారణం అని, మరోచోట ఆక్సిడేషన్, రిడక్షన్ అని, సరిహద్దు దాటి తెచ్చుకున్న తెలుగు గైడులో ఆక్సీకరణం, క్షయకరణం అని చదువుతారు. పేర్లతో మొదలుపెడితే మూడు జతలూ కలిసిపోయి బుర్ర వేడెక్కుతుంది. అందుకే ఈ పద్ధతిలో పేరు పెట్టడాన్ని వెనక్కి నెట్టాను. ముందు ప్రతి పరమాణువుకూ అంకె వేయండి. ఎవరి అంకె మారిందో చూడండి. పేరు సంగతి ఆ తర్వాత. అంకెలు ఏ మీడియంలోనైనా అవే.

మొదట ఒక మేకు ముంచి చూడండి

పుస్తకం తెరవకముందే ఈ పని చేయండి. ఎరువుల షాపులో మైలతుత్తం అడగండి. నీలం రంగు పలుకులు ఇస్తారు, అదే కాపర్ సల్ఫేట్. చెంచాడు పలుకులు అర గ్లాసు నీళ్లలో కరిగించండి. గాజు గ్లాసు గానీ, తర్వాత పారేసే ప్లాస్టిక్ గ్లాసు గానీ వాడండి, స్టీలు గ్లాసు వద్దు. మామూలు ఇనుప మేకును శాండ్ పేపర్‌తో తళతళలాడేదాకా రుద్ది, దారం కట్టి, సగం మునిగేలా వేలాడదీయండి. జింకు పూత పూసిన మేకైతే ముందు ఆ జింకే కరుగుతుంది కాబట్టి పూత లేనిదే ఎంచుకోండి.

కొద్ది నిమిషాల్లోనే మునిగిన భాగం మీద ఎర్రమట్టి రంగు పొర కడుతుంది. పుల్లతో గీకితే పొడిపొడిగా రాలుతుంది. పిల్లల్లో సగం మంది దాన్ని చూసి తుప్పు అంటారు. అది తుప్పు కాదు, రాగి. నీళ్లలో కరిగి ఉన్న రాగి లోహంగా మారి మేకును పట్టుకుంది, దాని బదులు మేకులోని ఇనుము నీళ్లలోకి దిగింది. రాత్రంతా వదిలేస్తే నీలం పలచబడి ద్రావణం లేత ఆకుపచ్చకు తిరుగుతుంది.

మైలతుత్తం విషం. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. మిగిలిన నీళ్లు చెరువులో, కాలవలో పారబోయకండి, చేపలు చస్తాయి.

కోరాపుట్ కొండల మీద కాఫీ తోటలున్నవాళ్లకు ఈ చర్య వేరే రూపంలో తెలిసే ఉంటుంది. మైలతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం అనే తెగుళ్ల మందు చేసేటప్పుడు ఇనుప బకెట్ వాడవద్దంటారు. కలిపాక మెరిసే ఇనుప కత్తిని అందులో కాసేపు ముంచి చూస్తారు. కత్తి మీద ఎర్రటి పొర పడిందంటే సున్నం చాల్లేదని అర్థం, ఇంకాస్త సున్నపు నీళ్లు పోస్తారు. సున్నం సరిపడా పడితే రాగి కరగని రూపంలోకి వెళ్లిపోతుంది, కత్తికి అంటడానికి నీళ్లలో విడిగా ఏమీ మిగలదు. విడి రాగి మిగిలిన మందు కొడితే ఆకులు మాడతాయి. ల్యాబులో మార్కుల కోసం చేసేదీ, తోటలో కత్తితో చేసేదీ ఒకే పరీక్ష.

ఇప్పుడు ఆ చర్యను కాగితం మీద పెట్టండి:

ఇనుము + కాపర్ సల్ఫేట్ → ఐరన్ సల్ఫేట్ + రాగి

సల్ఫేట్ లోపల ఆక్సిజన్ ఉన్నమాట నిజమే. కానీ అది ఎవరికీ కొత్తగా చేరలేదు, ఎవరినీ వదల్లేదు. అయినా ఇది పక్కా ఆక్సీకరణ, క్షయకరణ చర్య. ఇనుము పరమాణువు ఒక్కోటి రెండు ఎలక్ట్రాన్లు వదిలితే, ఆ రెండింటినీ రాగి అయాన్ (ఆవేశం మోస్తున్న రాగి పరమాణువు) తీసుకుంది. చేబదులు లాంటిదే ఇది: ఇచ్చేవాడు లేకుండా పుచ్చుకునేవాడు ఉండడు, ఇచ్చిన మొత్తమే పుచ్చుకున్న మొత్తం. కాబట్టి "ఈ చర్యలో ఆక్సీకరణం మాత్రమే జరిగింది" అని ఎవరైనా రాస్తే అక్కడే తప్పు పట్టుకోవచ్చు.

అంకెలు వేయడం

ఎలక్ట్రాన్లు కంటికి కనపడవు. వాటి జమాఖర్చు రాసుకోవడానికి పెట్టుకున్న అంకే ఆక్సీకరణ సంఖ్య. చర్యలో ప్రతి పరమాణువు నెత్తినా పెన్సిల్‌తో ఈ అంకె వేయాలి. నియమాలు ఇవి, వీటిని పైనుంచి కిందికి ఇదే వరుసలో వాడాలి:

1. సమ్మేళనంలో లేని ఒంటరి మూలకానికి సున్నా. ఇనుప మేకు, గంధకం పొడి, ఆక్సిజన్ వాయువు అన్నీ సున్నాయే.
2. ఒకే పరమాణువున్న అయాన్‌కు దాని ఆవేశమే దాని అంకె.
3. సమ్మేళనంలో ఫ్లోరిన్ ఎప్పుడూ −1.
4. సోడియం, పొటాషియం +1. మెగ్నీషియం, కాల్షియం +2. అల్యూమినియం +3.
5. హైడ్రోజన్ +1.
6. ఆక్సిజన్ −2.
7. మిగిలినదాని అంకె లెక్క కట్టి తేల్చాలి: అన్నీ కూడితే అణువుకైతే సున్నా, అయాన్‌కైతే దాని మీదున్న ఆవేశం రావాలి.

రెండు నియమాలకు పేచీ వస్తే పైన ఉన్నదే నెగ్గుతుంది. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే, గైడుల్లో "మినహాయింపులు" అని పెట్టెలో అచ్చేసే జాబితాను విడిగా బట్టీ పట్టక్కర్లేదు. సోడియం హైడ్రైడ్ చూడండి. సోడియం నాలుగో నియమం ప్రకారం +1, మొత్తం సున్నా కావాలి, కాబట్టి హైడ్రోజన్ −1 అయి తీరాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో రెండు హైడ్రోజన్లు కలిసి +2, కాబట్టి రెండు ఆక్సిజన్లు కలిసి −2, ఒక్కోటి −1. ఆక్సిజన్ డైఫ్లోరైడ్‌లో ఫ్లోరిన్లు రెండూ −1 పట్టుకుపోతాయి, పాపం ఆక్సిజన్‌కు +2 మిగులుతుంది. మినహాయింపులన్నీ వరుస నుంచే వచ్చేశాయి.

అసలు ఆక్సిజన్‌కు −2 ఎందుకో కూడా తెలుసుకోండి, లేకపోతే ఇదంతా మంత్రంలా కనిపిస్తుంది. ఇద్దరు పంచుకున్న ఎలక్ట్రాన్ల జంటను, వాటిని ఎక్కువగా తనవైపు లాక్కునే పరమాణువు ఖాతాలో పూర్తిగా రాసేస్తాం. నీటిలో ఆక్సిజన్ రెండు హైడ్రోజన్లతో కట్టుబడి ఉంది, రెండు చోట్లా లాగేది తనే. తన సొంతం కాక రెండు అదనంగా ఖాతాలో పడ్డాయి, అంచేత −2. పెరాక్సైడ్‌లో ఒక్కో ఆక్సిజన్ ఒకవైపు హైడ్రోజన్‌తో, రెండోవైపు మరో ఆక్సిజన్‌తో ఉంటుంది. ఆక్సిజన్, ఆక్సిజన్ మధ్య లాగుడులో తేడా లేదు, చెరిసగం. అందుకే అదనంగా పడేది ఒక్కటే, −1.

పొటాషియం పర్మాంగనేట్ తీసుకోండి, మెడికల్ షాపులో ఊదారంగు పలుకులుగా దొరికేదే. ఇందులో పొటాషియం ఒకటి, మాంగనీస్ ఒకటి, ఆక్సిజన్లు నాలుగు. పొటాషియం +1. ఆక్సిజన్లు నాలుగు కలిసి −8. మొత్తం సున్నా రావాలంటే మాంగనీస్ +7. అంటే మాంగనీస్ నిజంగా ఏడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని కూర్చుందని కాదు. ఇది పద్దు పుస్తకంలోని అంకె మాత్రమే, కొలిచి చూసే ఆవేశం కాదు. పరీక్షలో ఈ తేడా అడగరు గానీ, మనసులో లేకపోతే తర్వాత బంధాల పాఠంలో ఇబ్బంది పడతారు.

అమ్మోనియం నైట్రేట్ దగ్గర తొందరపడకండి. నైట్రోజన్లు రెండున్నాయి కదా అని కలిపి లెక్క కడితే ఒక్కోటి +1 అని వస్తుంది. లెక్క సరిగ్గానే ఉంటుంది, జవాబు మాత్రం తప్పు. అయాన్లను ముందు విడదీయండి: అమ్మోనియంలో నైట్రోజన్ −3, నైట్రేట్‌లో +5. ఒకే సమ్మేళనంలో ఒకే మూలకానికి రెండు అంకెలు ఉండొచ్చు. మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజంలో మూడు ఇనుములు, నాలుగు ఆక్సిజన్లు ఉంటాయి. ఇనుము అంకె భిన్నంలో వస్తే కంగారుపడకండి, అది సగటు. అసలు రెండు ఇనుములు +3, ఒకటి +2.

అంకె మారని చర్యలను పక్కన పెట్టండి

ఈ మెట్టును పుస్తకాలు దాదాపు దాటేస్తాయి. నా మటుకు సగం పాఠం ఇక్కడే ఉంది. ఏది ఈ రకం చర్య కాదో తెలిస్తేనే ఏది అవునో చూపు కుదురుతుంది.

కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా రిఫైనరీ ఉంది. పంచపట్మాలి కొండ మీది బాక్సైట్, అంటే అల్యూమినియం ఖనిజం, అక్కడికి వస్తుంది. అక్కడ అల్యూమినియం లోహం తీస్తారనీ, అది క్షయకరణమనీ మన పిల్లలు పరీక్షలో ధీమాగా రాసేస్తారు. అంకెలు వేసి చూడండి. బాక్సైట్‌లో అల్యూమినియం +3. వేడి కాస్టిక్ సోడాలో కరిగాక అల్యూమినేట్‌గా +3. మళ్లీ హైడ్రాక్సైడ్‌గా పేరుకున్నాక +3. దాన్ని కాల్చి నీటిని వెళ్లగొట్టి తెల్లటి అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడి చేశాక కూడా +3. రిఫైనరీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అల్యూమినియం ఒక్క ఎలక్ట్రాన్ కూడా పుచ్చుకోలేదు. బాక్సైట్‌ను ఎర్రగా కనిపించేలా చేసే ఐరన్ ఆక్సైడ్ కాస్టిక్‌లో కరగకుండా, +3గానే, ఎర్ర బురదతో బయటికి పోతుంది. అక్కడ జరిగేది శుద్ధి.

క్షయకరణం జరిగేది అంగుల్‌లో, లోహం తీసే స్మెల్టర్‌లో. అల్యూమినాను కరిగిన క్రయోలైట్ అనే ఖనిజంలో కలిపి, సుమారు 950–960 డిగ్రీల వేడి దగ్గర కరెంటు పంపుతారు. అల్యూమినియం +3 నుంచి సున్నాకు దిగుతుంది. యానోడ్‌గా (ధన ధ్రువంగా) పెట్టిన కార్బన్ సున్నా నుంచి +4కు ఎక్కి కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది, అందుకే యానోడ్‌లు అరిగిపోతూ ఉంటాయి, మారుస్తూ ఉండాలి. అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ ఒకరికొకరు తెలియకుండానే 1886లో ఈ పద్ధతి కనిపెట్టారు.

ఇంట్లోవే ఇంకో రెండు. ఇత్తడి బిందెకు గాలి తగిలి నల్లటి పొర పట్టడం ఆక్సీకరణమే, లోహంగా సున్నా ఉన్న రాగి +2కు వెళ్లింది. మరి చింతపండుతో తోమితే మెరుపు తిరిగొచ్చింది కాబట్టి అది క్షయకరణం కదా? కాదు. నల్లటి కాపర్ ఆక్సైడ్‌ను చింతపండులోని ఆమ్లం కరిగించి తీసుకుపోయింది. ఆ రాగి +2గానే నీళ్లతో పాటు తూములోకి పోయింది, లోహమై బిందెకు తిరిగి రాలేదు. మీకు కనిపించే మెరుపు పొర కింద దాక్కున్న కొత్త లోహానిది. అలాగే కాల్చిన సున్నం మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది, చెయ్యి పెడితే కాలుతుంది. కాల్షియం ముందూ +2, తర్వాతా +2. వేడి పుట్టినంత మాత్రాన, బుడగలు వచ్చినంత మాత్రాన, రంగు మారినంత మాత్రాన ఎలక్ట్రాన్లు చేతులు మారాయని చెప్పలేం.

అంకెలన్నీ వేసే తీరిక లేనప్పుడు ఒక చిన్న గుర్తు పనికొస్తుంది: చర్యకు ఒకవైపు ఒంటరిగా ఉన్న మూలకం, రెండోవైపు సమ్మేళనంలో కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు, ఆ చర్య మన పాఠంలోదే.

పేర్లు పెట్టడం

అంకె పెరిగితే ఆ పదార్థం ఆక్సీకరణం చెందింది. తగ్గితే క్షయకరణం చెందింది. ఎలక్ట్రాన్‌కు రుణావేశం కాబట్టి పోగొట్టుకున్నవాళ్ల అంకె పెరుగుతుంది, ఇందులో వింతేమీ లేదు.

అసలు తడబాటు ఆక్సీకరణి, క్షయకరణి దగ్గర. ఆక్సీకరణి ఎదుటివాళ్లను ఆక్సీకరించేది, తను మాత్రం క్షయకరణం చెందుతుంది. క్షయకరణి ఎదుటివాళ్లను క్షయకరించి తను ఆక్సీకరణం చెందుతుంది. టెన్షన్‌లో తారుమారు కాకుండా ఉండాలంటే, అంకె పెరిగినదాని కింద "పెరిగింది, కనుక క్షయకరణి" అనీ, తగ్గినదాని కింద "తగ్గింది, కనుక ఆక్సీకరణి" అనీ పూర్తిగా రాయండి. మనసులో తిప్పుకోవద్దు.

రైలు పట్టాల అతుకులను థర్మిట్‌తో వెల్డింగ్ చేయడం లైను పనివాళ్లను ఎరిగినవాళ్లు చూసే ఉంటారు. ఐరన్ ఆక్సైడ్, అల్యూమినియం పొడి కలిపి రాజేస్తే కళ్లు చెదిరే వెలుగుతో కరిగిన ఇనుము పట్టాల సందులోకి దిగుతుంది. అల్యూమినియం సున్నా నుంచి +3: పెరిగింది, కనుక క్షయకరణి. ఇనుము +3 నుంచి సున్నా: తగ్గింది. ఆక్సీకరణి ఏది అని అడిగితే "ఇనుము" అని రాయకండి, "ఐరన్ ఆక్సైడ్" అని రాయండి. క్షయకరణం చెందిన మూలకం వేరు, ఆక్సీకరణిగా పనిచేసిన పదార్థం వేరు. మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

ఏది ఆక్సీకరణి, ఏది క్షయకరణి అన్నది పదార్థానికి పుట్టుమచ్చ కాదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ అనగానే అందరూ ఆక్సీకరణి అనేస్తారు. అయోడైడ్ ఎదురుగా ఉంటే నిజమే, అయోడిన్‌ను బయటికి లాగుతుంది. కానీ ఆమ్లం కలిపిన పర్మాంగనేట్‌లో అదే పెరాక్సైడ్ పోస్తే గులాబి రంగు విరిగిపోయి ఆక్సిజన్ బుడగలు వస్తాయి. అక్కడ పెరాక్సైడ్ క్షయకరణి. దాని ఆక్సిజన్ −1 దగ్గర, మధ్యలో నిలబడి ఉంది, అటు −2కు దిగగలదు, ఇటు సున్నాకు ఎక్కగలదు. మాంగనీస్ +7 దగ్గర ఉన్న పర్మాంగనేట్‌కు పైమెట్టు లేదు, అందులోని మాంగనీస్ దిగాల్సిందే.

ఎవరు ఇస్తారు, ఎవరు పుచ్చుకుంటారు అనేది ముందే చెప్పాలంటే చర్యాశీలత శ్రేణి చూడండి: పొటాషియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, జింకు, ఇనుము, సీసం, హైడ్రోజన్, రాగి, వెండి, బంగారం. ముందున్నది వెనకున్నదానికి ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఐరన్ సల్ఫేట్ ద్రావణంలో రాగి తీగ ముంచి రాత్రంతా కాపలా కాసినా ఏమీ జరగదు. గోపాలపురం సముద్రపు గాలిలో పెయింట్ వేసిన ఇనుప గేటు ఎక్కడ చెక్కుకుపోతే అక్కడి నుంచి తుప్పు పాకుతుంది. జింకు పూత రేకు మీద గీత పడినా వెంటనే తుప్పు పట్టదు, పక్కనున్న జింకు ముందుగా తన ఎలక్ట్రాన్లు ఇచ్చేసి ఇనుమును కాపాడుతుంది.

ఎలక్ట్రాన్ల లెక్క సరిపెట్టడం

రాయగడ దగ్గర తెరుబలిలో ఫెర్రోక్రోమ్, అంటే ఇనుము, క్రోమియం కలిసిన మిశ్రలోహం, తయారుచేసే ఫర్నేసులున్నాయి. క్రోమైట్ ఖనిజంలో ఇనుము ఒకటి, క్రోమియంలు రెండు, ఆక్సిజన్లు నాలుగు. దాన్ని కార్బన్‌తో కలిపి ఫర్నేసులో వేడిచేస్తే:

క్రోమైట్ + కార్బన్ → ఇనుము + క్రోమియం + కార్బన్ మోనాక్సైడ్

ఇనుము +2 నుంచి సున్నా, రెండు ఎలక్ట్రాన్లు కావాలి. క్రోమియం +3 నుంచి సున్నా, ఒక్కోదానికి మూడు, రెండింటికి ఆరు. మొత్తం ఎనిమిది. ఇచ్చేది కార్బన్: సున్నా నుంచి +2, ఒక్కో కార్బన్ రెండే ఇవ్వగలదు. ఎనిమిది కావాలంటే కార్బన్లు నాలుగు. అంతే, చర్య తూకం కుదిరింది: క్రోమైట్ ఒకటి, కార్బన్ నాలుగు, ఇనుము ఒకటి, క్రోమియం రెండు, కార్బన్ మోనాక్సైడ్ నాలుగు. ఆక్సిజన్లు లెక్కపెట్టి చూడండి, నాలుగుకు నాలుగూ సరిపోతాయి.

అది ఎలక్ట్రిక్ ఫర్నేసు కదా, కరెంటే క్షయకరణం చేస్తోందా అని అడిగే పిల్లలుంటారు. మంచి ప్రశ్న. తెరుబలిలో కరెంటు వేడి కోసం, ఎలక్ట్రాన్లు ఇచ్చేది కార్బన్. అంగుల్‌లో కరెంటు వేడితో పాటు క్షయకరణం కూడా చేయిస్తుంది.

ద్రావణాల్లో అయాన్లు ఉన్నప్పుడు పరమాణువులతో పాటు ఆవేశాలూ సరిపోవాలి. ఇనుము (+3) అయాన్, రాగి కలిసి ఇనుము (+2), రాగి (+2) అయాన్లు ఇచ్చే చర్యను ఒక్కోటి చొప్పున రాస్తే పరమాణువులు సరిపోయినట్టే కనిపిస్తాయి. ఆవేశం మాత్రం ఎడమ +3, కుడి +4. రాగి రెండు ఇస్తుంటే ఇనుము ఒకటే పుచ్చుకుంటోంది (ఇనుము లోహం దాకా దిగకుండా +2 దగ్గరే ఆగుతోంది కాబట్టి ఇది పై శ్రేణికి విరుద్ధం కాదు). ఇనుములు రెండు పెడితే రెండువైపులా +6.

ఆమ్ల ద్రావణంలో పర్మాంగనేట్, ఇనుము (+2) అయాన్ల చర్య పరీక్షల్లో తరచూ అడిగేది. దీన్ని రెండు ముక్కలు చేయండి.

ఇచ్చే ముక్క తేలిక: ఇనుము (+2) → ఇనుము (+3) + 1 ఎలక్ట్రాన్.

పుచ్చుకునే ముక్క: పర్మాంగనేట్ → మాంగనీస్ (+2). ఎడమవైపు నాలుగు ఆక్సిజన్లున్నాయి, కుడివైపు 4 నీటి అణువులు పెట్టండి. దాంతో కుడివైపు 8 హైడ్రోజన్లు వచ్చాయి, ఎడమవైపు 8 హైడ్రోజన్ అయాన్లు పెట్టండి. ఇప్పుడు ఆవేశం చూడండి. ఎడమ: −1, +8 కలిసి +7. కుడి: +2. తేడా 5, కాబట్టి ఎడమవైపు 5 ఎలక్ట్రాన్లు. మాంగనీస్ +7 నుంచి +2కు దిగిందని ముందే వేసిన అంకె కూడా ఇదే 5 చెబుతోంది. రెండు లెక్కలూ కలవకపోతే ఎక్కడో తప్పు దొర్లినట్టే, ముందుకెళ్లకండి.

మొదటి ముక్కను 5తో హెచ్చించి రెండూ కలపండి, ఎలక్ట్రాన్లు కొట్టేయండి:

పర్మాంగనేట్ + 5 ఇనుము (+2) + 8 హైడ్రోజన్ అయాన్లు → మాంగనీస్ (+2) + 5 ఇనుము (+3) + 4 నీరు

ఎడమ ఆవేశం: −1 + 10 + 8 = +17. కుడి: +2 + 15 = +17.

వరుస ముఖ్యం: ముందు మూలకం, తర్వాత నీటితో ఆక్సిజన్, తర్వాత హైడ్రోజన్ అయాన్లు, ఆఖరున ఎలక్ట్రాన్లు. క్షార ద్రావణమైతే ఇలాగే చేసి, చివర్లో హైడ్రోజన్ అయాన్లు ఎన్నున్నాయో అన్ని హైడ్రాక్సైడ్ అయాన్లు రెండువైపులా కలిపితే అవి జతపడి నీరైపోతాయి. ఆమ్లమా క్షారమా అన్నది ప్రశ్నలో తప్పక చూసుకోండి. ఆమ్లంలో మాంగనీస్ +2 దాకా దిగుతుంది. తటస్థంగా ఉన్న ద్రావణంలో +4 దగ్గరే ఆగి గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్ అవుతుంది. పర్మాంగనేట్ పట్టుకున్న వేళ్లకు అంటే గోధుమ మరక అదే.

ఒకే మూలకం రెండువైపులకూ వెళ్తే

చల్లటి సోడియం హైడ్రాక్సైడ్‌లోకి క్లోరిన్ పంపితే సోడియం క్లోరైడ్, సోడియం హైపోక్లోరైట్, నీరు వస్తాయి. క్లోరిన్ సున్నా నుంచి సగం −1కు దిగింది, సగం +1కు ఎక్కింది. ఇచ్చిందీ తనే, పుచ్చుకుందీ తనే. దీన్ని అననుపాతం అంటారు.

ఇదే చర్య వెనక్కి నడిస్తే ప్రాణం మీదికి వస్తుంది. వానాకాలంలో బావిలో వేయడానికి తెచ్చిన బ్లీచింగ్ పౌడర్ ఇంట్లో ఉంటుంది. బాత్‌రూమ్ మరకలు పోవాలని దాని మీద యాసిడ్ పోస్తే, +1 దగ్గరున్న క్లోరిన్, −1 దగ్గరున్న క్లోరిన్ రెండూ సున్నాకు చేరి క్లోరిన్ వాయువై బయటికొస్తాయి. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఆ రెండూ ఎప్పుడూ కలపకండి. పర్మాంగనేట్ పలుకులను గ్లిజరిన్ సీసా పక్కన కూడా పెట్టకండి, రెండూ కలిస్తే దానంతటదే మండుతుంది.

మీరు చేయాల్సినవి

జవాబు చూడకుండా అంకెలు వేయండి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ విడిపోయి నీరు, ఆక్సిజన్ అవడం: ఆక్సిజన్ −1 నుంచి కొంత −2కు, కొంత సున్నాకు. అననుపాతం.

ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడ్, విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిసి రాగి, కాపర్ సల్ఫేట్, నీరు ఇవ్వడం: రాగి +1 నుంచి సున్నాకు, +2కు. ఇదీ అననుపాతమే. చింతపండు దగ్గర చెప్పిన నల్లటి ఆక్సైడ్‌తో పోల్చుకోండి, అక్కడ అంకె కదల్లేదు.

ఆమ్లంలో డైక్రోమేట్ (రెండు క్రోమియంలు, ఏడు ఆక్సిజన్లు, ఆవేశం −2 ఉన్న అయాన్), ఇనుము (+2): క్రోమియం +6 నుంచి +3కు, రెండు క్రోమియంలకు ఆరు ఎలక్ట్రాన్లు, కాబట్టి ఇనుములు ఆరు. హైడ్రోజన్ అయాన్లు 14, నీరు 7. రెండువైపులా +24 రావాలి.

కాల్షియం కార్బైడ్ మీద నీళ్లు పోస్తే కాల్షియం హైడ్రాక్సైడ్, అసిటిలీన్ రావడం: గ్యాస్ వెల్డింగ్ షాపుల్లో బుసబుసమంటూ గ్యాస్ పొంగేది ఈ చర్యే. కాల్షియం రెండువైపులా +2. కార్బైడ్‌లో రెండు కార్బన్లు కలిసి −2, అంటే ఒక్కోటి −1. అసిటిలీన్‌లో రెండు హైడ్రోజన్లకు +2, కాబట్టి అక్కడా కార్బన్ −1. ఎంత పొంగినా ఇది మన పాఠంలోది కాదు. అదే అసిటిలీన్ టార్చి మొన దగ్గర పూర్తిగా మండితే కార్బన్ −1 నుంచి +4కు ఎక్కుతుంది, ఒక్కో కార్బన్ ఐదు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. రెండు అసిటిలీన్ అణువుల్లో కార్బన్లు నాలుగు, కాబట్టి ఇరవై. ఒక్కో ఆక్సిజన్ అణువు నాలుగు పుచ్చుకుంటుంది. అందుకే ఆక్సిజన్ అణువులు ఐదు కావాలి.